పాత రంపముపై పరీక్ష లేని తీర్పు

ఇరువది ముప్పది యేండ్లు పనిచేసిన గొలుసురంపము ఒకనాడు తాడు ఎంత లాగినను మ్రోగకపోయినచో, దాని యజమాని నోటను, ఇరుగుపొరుగువారి నోటను, తుదకు మరమ్మతు చేయవలసిన షాపువాని నోటను సైతము వెలువడు మాట ఒక్కటియే: "దీని పని అయిపోయింది, తుక్కులో వేసి కొత్తది కొనుక్కో." ఈ మాట ఎంతగా వ్యాపించినదనగా దానికి కారణము అడుగువారును లేరు, అడిగినను చెప్పువారును లేరు. ఏ భాగమును పరీక్షించితిరి, ఏ కొలత తీసితిరి, కనీసము ఏ మరను విప్పితిరి అని ప్రశ్నించినచో సమాధానము రాదు. యంత్రము పాతది, పాతది గనుక చెడినది, చెడినది గనుక పనికిరాదు అను ఈ మూడు మెట్ల వాదమే మన పల్లెలలోను పట్టణములలోను పాత యంత్రములకు మరణశాసనమై చెల్లుచున్నది. ఇది మొదటి మెట్టునుండియే తప్పని నా నిశ్చితాభిప్రాయము.

యంత్రములో కాలముచేత క్షీణించునది ఏది, క్షీణింపనిది ఏది యను విచారణ ఈ చర్చకంతకును పునాది. వృత్తిపనివారికై నిర్మింపబడిన గొలుసురంపములో ఇంజను పెట్టె మెగ్నీషియము మిశ్రలోహముతో పోతపోయబడినది; క్రాంకు ఉక్కుతో చేయబడినది; సిలిండరు అల్యూమినియముదే యైనను దాని లోపలి గోడకు క్రోమియము పూతయో, నికెలులో సిలికాన్ కార్బైడు రేణువులు పొదిగిన నికాసిల్ పూతయో ఉండును. చెమ్మ తగులకుండ దాచియుంచినచో ఇవి పదియేండ్లు గడచినను ఇరువదియేండ్లు గడచినను ఉన్నవి ఉన్నట్లే యుండును. వీని అరుగుదల పనిచేసిన గంటలనుబట్టియే కాని గోడమీది క్యాలెండరులు మారుటనుబట్టి కాదు. ఇక ఇదే యంత్రములో కార్బొరేటరులోని పలుచని డయాఫ్రములు రెండు, ట్యాంకులోని పెట్రోలు గొట్టము, కార్బొరేటరును సిలిండరుతో కలుపు రబ్బరు మెడ, క్రాంకునకు ఇరుప్రక్కల నుండు ఆయిల్ సీళ్లు, ఇవి యన్నియు రబ్బరు జాతివి. రబ్బరు పనిచేసినను క్షీణించును, పనిచేయక పడియున్నను క్షీణించును. గట్టిపడును, ముడుచుకొనును, బీటలు వారును. కావున ముప్పదియేండ్ల రంపము చెడినదని విన్నప్పుడు వివేకియైనవాడు తొలుత శంకింపవలసినది లోహమును కాదు, రబ్బరును. ఆ రబ్బరు భాగములన్నియు కలిపినను రెండు గుప్పిళ్లకు మించవు. అవి గట్టిపడినవను కారణముచేత యంత్రమునంతటిని పాతసామానువాని తూనికకు అప్పగించుట విచారము లేని పని.

"కాలము మారినది, ఇంజనీర్ల విద్య మారినది, పాత యంత్రముతో నేటి పని సాగదు" అని వాదించువారు కొందరు గలరు. వారు ఈ యంత్రపు చరిత్రను కొంచెమైనను తెలిసికొనియుండిన ఈ మాట అనకపోయెడివారు. ఆండ్రియాస్ స్టీల్ జర్మనీలో 1926లో విద్యుత్తుతో నడచు గొలుసురంపమును, 1929లో పెట్రోలుతో నడచు దానిని నిర్మించెను. ఈ రెంటి నడుమ 1927లో ఎమిల్ లెర్ప్ తురింగియా సీమలోని డోల్మార్ కొండపై తన పెట్రోలు రంపమును పరీక్షించి ఆ కొండపేరే దానికి పెట్టెను. అవి ఇద్దరు మనుష్యులు కూడి మోయవలసిన బరువులు. నేడు మనము ఒక్కరమే ఎత్తి కోయు రంపమునకు రూపము నిచ్చిన మార్పులు తరువాత వచ్చినవి: ఎటు వంచినను, తలక్రిందులు చేసినను పెట్రోలు అందించు డయాఫ్రం కార్బొరేటరు; కొయ్యను తొలుచు పురుగు దవడలు ఎట్లు పనిచేయుచున్నవో 1946లో గమనించి, అమెరికాలో కట్టెకోత పనివాడైన జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ రూపొందించిన పండ్ల గొలుసు; గేర్లు లేకుండ క్రాంకునుండి నేరుగా గొలుసును త్రిప్పు పద్ధతి, ఏ పద్ధతి 1959లో వెలువడిన స్టీల్ కాంట్రా రంపముతో మిక్కిలి ప్రసిద్ధికెక్కినదో అది; తుదకు 1970 తరువాతి తొలి సంవత్సరములలో వచ్చిన గొలుసు బ్రేకు. 1985 నాటి రంపమును, నిన్న కొన్న సామాన్యపు రంపమును ప్రక్కప్రక్కన విప్పి పరచినచో అవే భాగములు అవే చోట్ల కనబడును. పొగను తగ్గించు క్రొత్త సిలిండరు నిర్మాణములును, తమంత తామే సరిచేసికొను ఎలక్ట్రానిక్ కార్బొరేటర్లును నిజముగనే క్రొత్తవి, మెచ్చదగినవి. కాని అవి "క్రొత్తది కొనునప్పుడు ఏది కొనవలెను" అను ప్రశ్నకు సమాధానములు. "ఇంటనున్న పాతది చచ్చినదా" అను ప్రశ్నకు కావు.

మన సముద్రతీరమున ఈ యంత్రము బ్రతుకు తీరు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున కొబ్బరిని జీడిని నేలకూల్చినప్పుడును, దారికి అడ్డముగ పడిన మ్రాను తొలగిననేగాని మందుగాని మంచినీరుగాని ఊరు చేరని ఆ దినములలో రంపపు మిషను విలువ ఏమో చూచినవారికి తెలియును. అట్టి యంత్రము ఒక తుపానుకును మరియొక తుపానుకును నడుమ సంవత్సరముల తరబడి కొట్టములో పడియుండును. ట్యాంకులో ఆనాటి పెట్రోలు అట్లే నిలిచియుండును. ఆ పెట్రోలు ఆవిరియై పోగా మిగిలిన జిగురు కార్బొరేటరులోని వెండ్రుకవాసి రంధ్రములను మూయును. నేడు బంకులలో పోయు పెట్రోలులో 20 శాతము ఇథనాలు కలసియుండుటచేత ఈ చిక్కు ఇంకను పెరిగినది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ మితిమీరినప్పుడు ఆ నీరును ఇథనాలును పెట్రోలునుండి విడివడి ట్యాంకు అడుగునకు దిగును. ఇంజను పీల్చుకొను గొట్టపు కొనయు ఆ అడుగుననే యుండును. ఇథనాలును ఎఱుగని కాలమున చేయబడిన రబ్బరు గొట్టములు దానికి ఉబ్బి మెత్తబడును. అదియునుగాక, ఇథనాలులోనే ఆమ్లజని యుండుటచేత పాత అమరికలోనున్న కార్బొరేటరు ఇచ్చు మిశ్రమము పలుచనగును. హెచ్చు వేగమున పెట్రోలును నియంత్రించు స్క్రూను స్వల్పముగా తెరువనిదే ఇంజను వేడెక్కును. ఇందులో ఏ ఒక్కటియు ముసలితనము కాదు. నిలువ పెట్రోలు చేసిన అపరాధమునకు యంత్రమును శిక్షించుట న్యాయము కాదు.

తీర్పు చెప్పువారు సాధారణముగా చేయని పని యొకటి కలదు. అది వరుసగా చూచుట. టూ-స్ట్రోకు ఇంజను మ్రోగుటకు సకాలమున నిప్పురవ్వయు, తగు పాళ్లలో పెట్రోలును గాలియు, వానిని అదుమునట్టి కంప్రెషనును కావలెను. అంతకు మించి మఱేమియు అక్కరలేదు. నాలుగుమార్లు తాడు లాగి ప్లగ్గు విప్పినచో దాని కొనయే మొదటి సాక్ష్యము. కొన తడిసియున్నచో పెట్రోలు వచ్చుచున్నది, రవ్వను అనుమానింపవలెను. ఎండియున్నచో పెట్రోలు రాకున్నది, ట్యాంకునుండి కార్బొరేటరు వరకు దారిని వెదకవలెను. ప్లగ్గును తీగెకు తగిలించి, రంధ్రమునకు ఎడముగా సిలిండరు రెక్కలకు ఆనించి, తాడు లాగినను రవ్వ కనబడనప్పుడు కాయిలు కాలిపోయినదని కేకవేయుటకు ముందు ఆపు స్విచ్చినుండి వచ్చు సన్నని తీగెను కాయిలు వద్ద ఊడదీసి మరల చూడవలెను. ఆ తీగె తొడుగు ఒరిసికొనిపోయి లోహమునకు తగులుచున్నచో, తక్కిన ఇంజనంతయు నిక్షేపముగ నున్నను నోరు విప్పదు. పాయింట్లు గల పాత రకములలో, పని లేక పడియున్నప్పుడు పాయింట్లపై పట్టిన పొరను సన్నని కాగితముతో రుద్ది తీసినంతనే రవ్వ వచ్చుట సర్వసామాన్యము. కంప్రెషను సంగతి తెలియుటకు గేజి ఉన్నచో చదరపు అంగుళమునకు 150 పౌండ్ల దరిదాపున చూపినయెడల సంతోషింపవచ్చును, 100కు దిగువ చూపినయెడల విచారింపవచ్చును. గేజి లేనివాడు యంత్రమును తాడుపిడి పట్టి వ్రేలాడదీయవలెను. అది ఆగి ఆగి మెల్లగా దిగినచో కంప్రెషను ఉన్నది, ఒక్క పెట్టున జారినచో లేదు. తుదకు రెండు మూడు మరలు విప్పి సైలెన్సరు తీసినచో పొగద్వారమునుండి పిస్టను ప్రక్కభాగము కన్నులయెదుట నిలుచును.

పలాస ప్రాంతమున జీడితోట గల ఒక పెద్దమనిషి రంపమును నేను దగ్గరగా చూచితిని. "రెండు షాపులకి తిప్పేను బాబూ, బోరు పోయిందన్నారు. కార్బొరేటరు కూడా కొత్తది ఏయించేను. అయినా పది నిమిషాలు ఆడి ఆగిపోతాది" అని ఆయన చెప్పెను. సైలెన్సరు విప్పి చూడగా పిస్టనుపై కర్మాగారములో తరిమెన పట్టినప్పటి సన్నని అడ్డగీతలు ఇంకను చెరగక యుండెను. నిలువుగీత యొక్కటియు లేదు. బోరు, అనగా సిలిండరు లోపలి గోడ, పోయిన యంత్రములో ఆ గీతలు ఉండవు. ఇంజను మ్రోగించి, ఆగువరకు వేచి, ఆగినవెంటనే ట్యాంకు మూత త్రిప్పగా గాలి లోనికి పీల్చుకొనిన చప్పుడు స్పష్టముగా వినబడెను. మూత మరల బిగించి తాడు లాగగా తక్షణమే మ్రోగెను. ట్యాంకునకు ఊపిరి రంధ్రము ఒకటుండును. పెట్రోలు తరుగుకొలది ఆ రంధ్రముగుండ గాలి లోనికి పోవలెను. అది రంపపు పొట్టును నూనెయు కలసి మూసికొనిపోగా, ట్యాంకులో వెలితి ఏర్పడి కార్బొరేటరులోని పంపు పెట్రోలును లాగలేకపోయినది. రంధ్రమును తుడిచి శుభ్రము చేసినంతనే ఆ రంపము సాయంకాలము వరకు ఆగకుండ కోసెను. రెండు షాపులును, క్రొత్త కార్బొరేటరును, "బోరు పోయిం"దను తీర్పును ఆ చిన్న రంధ్రమును చూడకయే వచ్చినవి. "అయ్యా, ఎవరైనను సైలెన్సరు విప్పి చూపించినారా?" అని అడిగితిని. "లేదు బాబూ, చెవితో ఇనే చెప్పేశారు" అనెను.

ఇచట ప్రతిపక్షులు తమకు మిక్కిలి బలమైనదని భావించు వాదమును ముందునకు తెత్తురు: "మరమ్మతు చేయించితిమి, పిస్టను మార్పించితిమి, నెల తిరుగకయే మరల పట్టేసినది, పాత ఇంజను ఇంతే." వారి అనుభవము అబద్ధమని నేను అనను. వారు దానినుండి తీసిన సిద్ధాంతము మాత్రము అబద్ధము. ఇంజను ఏల పట్టేయును? టూ-స్ట్రోకు ఇంజనులో నూనె పెట్రోలులోనే కలసియుండును. పెట్రోలు తగ్గినచో నూనెయు తగ్గును. ఎచటనో ఒక చిన్న సందునుండి గాలి దొంగతనముగా ప్రవేశించినచో మిశ్రమము పలుచనై, వేడి పెరిగి, నూనె చాలక పిస్టను గోడను పట్టుకొనును. ఆ సందు ఎండిపోయిన ఆయిల్ సీలు అంచున నుండవచ్చును, బీటవారిన రబ్బరు మెడలో నుండవచ్చును, సిలిండరు క్రింది గాస్కెట్టులో నుండవచ్చును. పిస్టనును మార్చినవాడు దెబ్బతిన్న భాగమును మార్చెనే గాని దెబ్బకొట్టిన కారణమును తాకలేదు. క్రొత్త పిస్టనునకు అదే గాలి, అదే వేడి, అదే గతి. ఇది పాత యంత్రపు దోషము కాదు. అరకొర మరమ్మతు దోషము. ఇంతటి స్పష్టమైన కార్యకారణ సంబంధమును విడిచి, చెడు మరమ్మతును చూపి మరమ్మతునే నిందించుట తర్కమునకు నిలువదు.

ఆ గాలి దొంగను పట్టుటకు ఉపాయములు లేకపోలేదు, అవి కష్టమైనవియు కావు. ట్రిగ్గరు విడిచిన తరువాత ఇంజను వేగము వెంటనే దిగక అట్లే నిలిచి నిలిచి దిగుచున్నదా? యంత్రమును ఒక ప్రక్కకు వంచినప్పుడు తనంత తానే వేగము హెచ్చించుచున్నదా? ఈ రెండును గాలి చొరబాటునకు లక్షణములు. నిశ్చయము కావలెనన్నచో పొగద్వారమును గాలిద్వారమును రబ్బరు ముక్కలతో మూసి, ఇంజను పెట్టెలోనికి అర బారు ఒత్తిడితో గాలి నింపి, సబ్బునీరు పూసి బుడగలు వచ్చుచోటును వెదకవలెను. అంతటితో ఆగక అదే పరిమాణమున గాలిని బయటికి లాగియు చూడవలెను. ఏలనన, సీలు పెదవి లోపలి ఒత్తిడికి బిగిసికొని నిలిచినను లోనికి లాగినప్పుడు వదలుట కలదు. ఈ పరీక్ష చేయకుండ క్రొత్త పిస్టను బిగించువాడు ఎంతటి అనుభవశాలియైనను యజమాని ధనమును పందెమొడ్డుచున్నాడని నేను నిస్సంకోచముగ అందును.

"బోరు పోయినది" అను మాట విషయమున ఇంకొక అన్యాయము జరుగుచున్నది. పట్టేసిన సిలిండరును విప్పినప్పుడు గోడపై కనబడు వెండిరంగు చారలను చూచి గోడ చీరుకొనిపోయినదని అందరును తీర్మానింతురు. నిజమునకు ఆ చారలలో పెక్కు గోడపై పడిన గాట్లు కావు; మెత్తని అల్యూమినియము పిస్టను కరగి గట్టి పూతపై పులుముకొనిన మరకలు. కాస్టిక్ సోడా ద్రావణము అల్యూమినియమును కరగించును, క్రోమియమును గాని నికాసిల్‌ను గాని ఏమియు చేయదు. చేతులకు రబ్బరు తొడుగులును కన్నులకు అద్దములును ధరించి, దూది చుట్టిన పుల్లతో మరకపై మాత్రమే అద్ది, పొగద్వారపు అంచున పూత లేని అల్యూమినియమునకు తగులనీయక, నురుగు ఆగినంతనే నీటితో కడిగినచో, క్రింద అద్దమువంటి గోడ బయటపడుట కలదు. గోరుతో రాచి చూచినప్పుడు గోరునకు ఏమియు తగులకున్నచో ఆ సిలిండరు బ్రతికియున్నదే. గోరునకు గాడి తగిలినచో, పూత ఊడి క్రింది లోహము కనబడినచో, అప్పుడు మాత్రమే అది పోయినది. ఈ పరీక్షకు ముందే సిలిండరును మూలకు విసరివేయుట మన షాపులలో నిత్యకృత్యము.

విడిభాగములు దొరకవను మాట సగమే నిజము. ప్లాస్టిక్ మూతలు, కంపెనీ ముద్రగల పిడులు వంటివి పాత నమూనాలకు దొరకుట దుర్లభమే, నేనును కాదనను. కాని యంత్రము నడచుటకు అవి ప్రాణాధారములు కావు. ప్రాణాధారమైన కార్బొరేటరును రంపపు కంపెనీలు చాలవరకు తాము చేయలేదు. వాల్‌బ్రో, జామా, టిల్లాట్‌సన్ అను వారినుండి కొని బిగించినవి. అందుచేత రంపము ఏ కంపెనీదైనను, కార్బొరేటరు ఒంటిపై చెక్కిన అక్షరములు అంకెలనుబట్టి డయాఫ్రముల కిట్టును తెప్పించుకొనవచ్చును. ఆయిల్ సీళ్లు లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము అను మూడు కొలతలతో బేరింగుల అంగళ్లలో లభించును. అనేక యంత్రములలో క్రాంకు బేరింగులు సైతము లోకమంతట ఒకే సంఖ్యతో అమ్ముడుపోవు సామాన్యపు బేరింగులే. కంపెనీ పేరు చెప్పి "ఉన్నదా?" అని అడుగుటకు బదులు కొలత చెప్పి అడిగినచో విజయవాడ ఆటోనగరు వంటి చోట లేదను సమాధానము అరుదు.

ఇక ధర. కొన్ని వేల రూపాయలకే క్రొత్త రంపము ఇంటికి వచ్చుచుండగా పాతదానికి వందలు వ్యయము చేయుట ఏలయని అడుగువారు, తూచవలసిన రెండవ తట్టను మరచుచున్నారు. మిక్కిలి చౌకగా వచ్చు ఆ యంత్రము కూడ ఇదే డయాఫ్రముతో, ఇదే రబ్బరు గొట్టముతో, ఇదే పెట్రోలుతో నడచును. దానిని గూడ ట్యాంకు నిండుగా రెండేండ్లు కొట్టములో పడవేసినచో ఇదే రోగము వచ్చును. అప్పుడు దానినిగూడ పారవైచి మరియొకటి కొనుటయేనా? పాతదానిని బాగుచేసికొనుట నేర్చినవాడు క్రొత్తదానిని కాపాడుకొనగలడు. పారవేయుట నేర్చినవానికి ఏ యంత్రమును నిలువదు. మెగ్నీషియము పెట్టె, పూత పూసిన సిలిండరు, సరియైన బేరింగులు గల వృత్తిరకపు పాత రంపమును తూకమునకు అమ్మి, పేరు ఊరు తెలియని నాసిరకమును కొనుట లాభమని ఏ లెక్క ప్రకారము చెప్పుచున్నారో నాకు బోధపడదు.

"పాతది, కోయుట లేదు" అను ఫిర్యాదులలో పెక్కింటికి ఇంజనుతో సంబంధమే ఉండదు. రంపము క్రింద రాలు పొట్టును చేతిలోనికి తీసికొని చూడుడు. చిన్న చిన్న తునుకలుగా రాలినచో పండ్లు పదునుగా నున్నవి. పిండివలె రాలినచో మొద్దుబారినవి. ఉద్దానపు కొబ్బరి మ్రాను వెలుపలి పొర గట్టి నారతో కూడియుండి, ఇసుక అంటిన మాను అయినచో చెప్పనే అక్కరలేదు, పండ్లను గంటలోపల మొద్దు చేయును. కోత ఒక ప్రక్కకు వంకర పోవుచున్నచో ఆ ప్రక్క పండ్లు పొడవుగను ఆవలి ప్రక్కవి పొట్టిగను అరిగినవి, లేదా గొలుసు పరుగెత్తు బారు పట్టాలు ఎగుడుదిగుడు అయినవి. సరియైన కొలత గల గుండ్రని ఆకురాయితో 30 డిగ్రీల కోణమున ప్రతి పంటిని సమముగా రాచి, పంటి ముందరి లోతుదిమ్మెను పంటి కొనకంటె 0.65 మిల్లీమీటరు దిగువకు తెచ్చినచో, "శక్తి లేదు" అనిపించుకొనిన ఇంజనే మానును వెన్నవలె దూసికొనిపోవును. మరియొకటి: సైలెన్సరు లోపలి సన్నని జల్లెడ మసితో పూడిపోయినచో ఏ ఇంజనైనను ఊపిరాడక నీరసపడును. దానిని కాల్చి తుడుచుట ఎంతసేపటి పని?

భద్రతను గూర్చిన ఆక్షేపణ మాత్రము గౌరవింపదగినది, దానికి నేను తలయొగ్గుదును. గొలుసు బ్రేకు లేని, కంపము తగ్గించు రబ్బరు ఆధారములు లేని మిక్కిలి పాత రంపములను నిత్యము పనికి వాడరాదు. బారు కొన మానునకు తగిలి వెనుకకు ఎగసినప్పుడు ముఖమునకును గొలుసునకును నడుమ ఆ బ్రేకు తప్ప వేరు అడ్డు లేదు. ఎడతెగని కంపముచేత వ్రేళ్ల రక్తనాళములు చెడి వ్రేళ్లు తెల్లబడు వ్యాధి అడవి పనివారిని ఎంతగా బాధించినదో వైద్యశాస్త్రము ఎఱుగును. కాని మన ఊళ్లలో "పాత"వని పారవేయబడుచున్న రంపములలో అనేకములకు బ్రేకు ఉన్నది. పొట్టును నూనెయు గడ్డకట్టి అది కదలక యున్నది, అంతే. దానిని విప్పి తుడిచి, పట్టీ అరిగినచో మార్చి, ఇంజను వేగముగా తిరుగుచుండగా బ్రేకు తోసి గొలుసు తక్షణమే ఆగుచున్నదో లేదో చూచుట మరమ్మతులో భాగమే. క్రొత్త రంపము కొన్నంతమాత్రముననే ఆ పరీక్ష అక్కరలేదనువాడు ప్రమాదమును కొనితెచ్చుకొనుచున్నాడు. పొగ విషయమునను ఇట్లే: దినమంతయు రంపము పట్టి బ్రతుకువాడు పొగ తక్కువగల క్రొత్త యంత్రమునో బ్యాటరీ రంపమునో కొనుటయే అతని ఊపిరితిత్తులకు మేలు. ఏడాదికి కొలది దినములు కట్టెలు కోసికొను రైతునకును, తుపానునాడు దారి తెరచు ఊరివారికిని ఆ న్యాయమునే వర్తింపజేయుట ఉచితము కాదు.

నిజముగ చచ్చిన యంత్రములు కలవు. ఇంజను పెట్టె పగిలినది, క్రాంకు వంగినది, సిలిండరు పూత ఊడినదై మరియొకటి దొరకనిది, నీటిలో మునిగి నెలల తరబడి విప్పకుండ త్రుప్పు పట్టినది, ఇట్టివానికి మరమ్మతు చేయుమని నేను చెప్పను. వానిని భాగములకై విప్పి దాచుకొనవలెను. నా వివాదమంతయు పరీక్షించి తేల్చిన మరణముతో కాదు, పరీక్షింపకయే ప్రకటించిన మరణముతో.

భారత ప్రభుత్వపు వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 జూలైలో మరమ్మతు హక్కును గూర్చి ఒక సంఘమును నియమించి, వ్యవసాయ పరికరములను కూడ ఆ హక్కు పరిధిలోనికి తీసికొనినది. ఆ హక్కు కాగితముపై నిలువక పనికి రావలెనన్నచో, రంపములు అమ్ము కంపెనీలు ప్రతి నమూనాకును విడిభాగముల పట్టికను, సీళ్ల కొలతలను, కార్బొరేటరు సంఖ్యను, ఒత్తిడి పరీక్షా విధానమును తెలుగులో అచ్చువేసి యంత్రముతోపాటు ఈయవలెను; పారిశ్రామిక శిక్షణాలయములలో మోటారుసైకిలు నేర్పునట్లే ఈ చిన్న ఇంజనులను విప్పి బిగించుట నేర్పవలెను. అంతవరకు యజమానులకు నా మనవి యిది: పని ముగిసిననాడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంత తానాగువరకు మ్రోగించి, అప్పుడు దాచుడు. చెడిననాడు షాపువానిచేత మీ యెదుటనే ప్లగ్గు విప్పించుడు, కంప్రెషను కొలిపించుడు, సైలెన్సరు తీయించి పిస్టనును మీ కన్నులతో చూడుడు. ఇవి చూపకుండ ఎవరు "దీని పని అయిపోయింది" అనినను, ఆ రంపమును ఇంటికి తెచ్చుకొనుడు.